నాలుగింటి నీళ్లు

గడ్డం ఇక్కడ పెట్టండి.
నుదురు పట్టీకి ఆనించండి.
పచ్చ చుక్కనే చూడండి, రెప్ప కొట్టకండి.
రోజుకు నలభైసార్లు అనే మాటలే
బాల్‌నర్సయ్యతోనూ అన్నాను.

ఆరునెలలకోసారి వస్తాడు.
ఫైలు మీద పేరుండదు, అంకె ఉంటుంది.
అట్ట లోపల పేరూ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది:
ఆసిఫ్‌నగర్, ఫిల్టర్ బెడ్స్ వెనక,
మా గల్లీకి రెండు గల్లీల అవతల.
చదివాను. చదవనట్టు మూశాను.

ఫ్లాష్.
తెర మీద నారింజరంగు నేల.
ఎడమకంటి అంచున పాత మచ్చ,
పన్నెండేళ్ల కింద కాలి చల్లారిన చోటు.
ఒక్క గుండ్రటి గుంతలోంచి లేచి
చీలి, మళ్లీ చీలి,
కనపడనంత సన్నబడే నాళాలు.
తెచ్చేవి ఇన్ని మైక్రాన్లు, తీసుకుపోయేవి ఇన్ని,
కొలిచి రాయడమే నా ఉద్యోగం.

"నాగ్గూడ సూపియ్యి మేడం" అన్నాడు ఈసారి.
తెర అటు తిప్పాను.
చుక్కలమందుతో మసకేసిన కళ్లు చిట్లించి
తన కంట్లోకి తానే వంగాడు.

"గిది చాంబరు గదా" గుండ్రటి చోట వేలు పెట్టాడు.
"ఈడికెల్లే లైన్లు పోతున్నయి.
గీ సన్నది వచ్చే లైను, గీ లావుది పోయే లైను.
వచ్చేది సన్నవడ్డది, పోయేది ఉబ్బింది.
లోపల తుప్పు వట్టింది మేడం."

ఇరవై ఆరేళ్లుగా నల్లాల వాల్వు తిప్పే మనిషని
అప్పుడు తెలిసింది నాకు.

డాక్టరు దాన్ని వాపు అంటారు.
మందులకు లొంగి దొంగ అటకెక్కి పడుకున్నాడు,
రక్తపరీక్షలో లెక్కకు అందడం లేదు.
ఒళ్లు మాత్రం నమ్మదు.
రాత్రంతా కర్ర పట్టుకుని
నాళాల గోడలు తడుతూ తిరుగుతుంది.
దెబ్బలు తినేది గోడలే.

ఇదంతా ఎట్లా చెప్పను, ఫొటోలు తీసేదాన్ని.
"లోపల సన్నమంట ఉంది" అన్నాను.
"పొగ రాదు."

నవ్వి, మచ్చ చూపించాడు.
"గిదైతే నాకెరుకే."
ఒంట్లో బొత్తిగా బలం లేని రోజుల్లో
కంటికి పట్టిన జబ్బు.
అది మాని, మందులు పడి, బలం తిరిగొచ్చాక
అప్పుడు భగ్గుమందట ఆ కన్ను.

"ఎండిన లైనుకు ఒక్కపారే ఫుల్లు వాల్వు ఇడిస్తే గంతే.
జాయింట్లు పగుల్తయి.
సగం చుట్టు తిప్పాలె. ఆగాలె.
పైపుకు చెవి వెట్టి ఇనాలె.
గాలి దగ్గుడు బందైనంక ఇంకో సగం."

లేచి వెళ్తూ ఇంకోటి చెప్పాడు,
ఎవరి సంగతో అన్నట్టు.
వీధినల్లా కింద తన బకెట్ నింపుకుని తీశాక
ఒకావిడ ఆ నల్లా మెడను చింతపండేసి తోమిందట.
ఆ నల్లాకు నీళ్లిడిసేది నేనేనని
అనలేదట.

రెండు గొట్టాల రక్తమిచ్చాడు.
నేనిచ్చిన నల్ల అద్దాలు జేబులో పెట్టుకుని
మెహదీపట్నం ఎండలోకి,
ఫ్లైఓవరు స్తంభాల నీడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇల్లు చేరేసరికి
వాకిట్లో బిందెలు వరసగా ఖాళీ.
"నాలుగింటి నీళ్లు ఆరైనా రాలె" అంది ఓనరు కమలాబాయి.
"ఫోన్ కొడితే కండ్లు కనిపిస్తలేవంటడు.
అన్నీ సాకులు."

నా వేళ్లకింకా చుక్కలమందు జిడ్డు.
పాపలు మూసుకోక
ఎండంతా లోపలికి పోతుంటే
రోడ్డు మధ్య మూత ఎత్తి
తడుముతూ ఇనుప చావి దించే చేయి
ఇక్కణ్ణుంచే కనిపించింది.
ఏదో అనబోయి
బిందె కడగడం మొదలుపెట్టాను.

ఆరూ ఇరవైకి నల్లా దగ్గింది.
గాలి. కొన్ని ఎర్రనీళ్లు. మళ్లీ గాలి.
ఆగిపోయింది.
కమలాబాయి తిట్టడానికి నోరు తెరిచింది.

"ఆగండి" అన్నాను.
"ఇంకా సగం చుట్టుంది."